పార్కు పక్క ఇంట్లో భోంపూ

దెయ్యాలను నమ్మే మనిషిని కాను. టాటానగర్ రైల్వే యార్డు పక్కన పాడుబడ్డ క్వార్టర్లో ఒంటరిగా ఉన్నవాణ్ణి. జంషెడ్‌పూర్ పార్కు పక్కన ఓ ఇంటి కప్పు కూలినప్పుడు, తాపీమేస్త్రీ అప్పన్నను రెక్క పట్టుకుని బయటికి లాగింది కూడా నేనే.

జార్ఖండ్ ఏర్పడిన కొత్తలో మాట. స్టీలు ప్లాంటులో సివిల్ సూపర్‌వైజర్‌గా రిటైరై, ఇళ్ల మరమ్మతులు పట్టేవాణ్ణి. ఆ ఇల్లు స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో కట్టింది. చదును కప్పు, మొజాయిక్ నేల, పార్కు వైపు గోడంతా అద్దమే. హాలు మధ్యలో మాత్రం ఒక ఇటుక గోడ అడ్డం. దాన్ని తీసేస్తే సోఫాలోంచే పార్కు కనిపిస్తుందని ఇంటివాళ్ల ఆశ. తట్టి చూశాను. ఉత్త పార్టిషనే, కొట్టెయ్యమన్నాను.

పట్టపగలు. అప్పన్న సమ్మెట వేస్తున్నాడు. పక్కనే నేను. ఇంట్లో ఇంకెవరూ లేరు. భోంపూ మోగింది.

భోంపూ అంటే ప్లాంటు సైరను. అది వినబడితే ఈ ఊళ్లో ఎవరూ గడియారం చూడరు, చేతిలో పని అక్కడే వదిలేస్తారు. కానీ అది ఎప్పుడూ దూరంగా, ప్లాంటు వైపు నుంచి వస్తుంది. ఇది ఆ గోడలోంచి మోగింది. పళ్లు జివ్వుమన్నాయి.

ఇక్కడ నిజం చెప్పెయ్యాలి. అప్పన్నను నేను లాగలేదు. యార్డు క్వార్టర్లో కూడా మా బావమరిది తోడుండేవాడు. ఒక చెప్పు వదిలేసి ఒక్కణ్ణే పరుగెత్తాను. అప్పన్నను పిలవనైనా లేదు. పార్కు కంచె పట్టుకుని తిరిగి చూస్తే అతను గుమ్మం దాటి వస్తున్నాడు. అతని వెనకే హాలు కప్పు కూలింది. అద్దం జల్లున రాలింది.

భోంపూ మోగే భోజనాల వేళ ఇంకా కాలేదు. పార్కు మాలీని అడిగితే భోంపూ ఏదీ మోగలేదన్నాడు. మరి నేను విన్నదేమిటో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

ఇది రాశాక బాగ్‌బేరా వెళ్లి అప్పన్నకు చదివి వినిపించాను.

"భోంపూ ఏటి బాబూ? నాకేటీ ఇనబళ్లేదు. పార్కులోంచి మీరు కేకేత్తే కదా నేనటు తిరిగేను?"

"నేను కేకెయ్యలేదురా. ఇన్నేళ్లూ ఈ మాట చెప్పవేం?"

"మీరు చెప్పనిత్తేనా? కేక పార్కులోంచొచ్చింది. గొంతు మీదే. పక్కకి చూత్తే మీరింకా నా పక్కన గోడకాడే నిలబడున్నారు. నేను పరిగెట్టింది కప్పుకి భయపడి కాదు బాబూ, మిమ్మల్ని చూసి."