పడుగెక్కిన చియా గింజలు

మా బావ మీద పగ తీర్చుకోవాలని చాలా కాలం కాచుకుని ఉన్నాను. పగబట్టడానికి పాముకు పడగ ఉంటుంది, నాకున్నది పొట్ట. గొడవంతా దాని గురించే.

చౌటుప్పల్ ఫ్యాక్టరీలో నాది కుర్చీ ఉద్యోగం. షుగర్ అంచుదాకా వచ్చిందని దవాఖానలో చెప్పాక, డాక్టరమ్మ సలహాతో రోజూ చెంచాడు చియా గింజలు నానబెట్టి పొద్దున తాగడం మొదలుపెట్టాను. నీళ్లు పీల్చి జిగురుగా ఉబ్బుతాయి. పీచు ఎక్కువ కాబట్టి కడుపు నిండుగా ఉండి, మనసు మిర్చి బజ్జీల బండి దాకా పోదు. ఎముకలకు క్యాల్షియం, గుండెకు మేలుచేసే కొవ్వు, కాస్త మాంసకృత్తులు కూడా ఉన్నాయట. నాకు వెంటనే తెలిసిన మేలు ఒకటే: పొద్దుటి బాత్‌రూం తపస్సు తగ్గింది.

పడుగు దారాలకు గంజి పట్టించే నేతగాడైన మా బావ ఆ గ్లాసు చూశాడు. చూసి ఊరుకుంటే బావ ఎట్లా అవుతాడు? ఒక పెళ్లి బంతిలో గొంతెత్తాడు.

"మా బామ్మర్ది గంజి తాగుతాండు! పడుగుకు పెట్టినట్టు పొట్టకు పెడుతుండు!"

బంతంతా నవ్వింది. అక్క కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆనాటి నుంచి ఏ శుభకార్యానికి వెళ్లినా నేను 'గంజి బామ్మర్ది'నే. మాది పట్టు వదలని వంశం, నేసేది నూలే అయినా.

మొన్న ఎండాకాలం ఒక సాయంత్రం అక్కవాళ్లింటికి వెళ్లాను. మర్నాడు అందరిచేతా తాగించి నోళ్లు మూయించాలని గిన్నెడు గింజలు నానబెట్టి పొయ్యి పక్కన పెట్టాను. వడగట్టిన పాత గంజిని అక్క ఎప్పుడూ అక్కడే పెడుతుందట. నాకేం తెలుసు?

నేసే ముందు పడుగు దారాలను వీధిలో బారుగా కట్టి, తెగకుండా గంజి పట్టిస్తారు. మర్నాడు కోడి కూసే వేళ, మసక వెలుతురులో బావ నా గిన్నెను నిన్నటి గంజి అనుకుని కొత్త గంజిలో గుమ్మరించి పడుగుకు పట్టించాడు. తెల్లవారేసరికి పడుగు పొడవునా నల్లటి గింజలు, పేలు పట్టినట్టు. అట్లాగే ఎండితే మగ్గానికుండే దువ్వెనలాంటి అచ్చులో ఇరుక్కుని దారాలు తెగుతాయి. అది ఒక పెళ్లివారి చీరల పడుగు.

వీధి వీధంతా వచ్చి గింజలు ఏరుతోంది. నేను అరుగు దిగలేదు. ముందు కళ్లారా చూడాలి కదా.

"బామ్మర్దీ, జర చెయ్యెయ్యి! ఎండితే పడుగు పాయె!"

"వేస్త బావా. రేపు పొద్దుగాల గీ అరుగు మీద కూసుండి, అందరి ముందర నా గంజి తాగుతవా?"

"నేనా?"

"నువ్వే. మోషన్ గట్టిగైతాందని అక్క చెప్పింది."

"ఏయ్, మెల్లగ!"

"ఎండెక్కుతాంది బావా."

"తాగుత తియ్!"

అప్పుడు దిగాను. మధ్యాహ్నానికల్లా పడుగు బతికింది. వంగి వంగి నా నడుమే పోయింది.

మర్నాడు బావ అరుగు మీద కళ్లు మూసుకుని గ్లాసెత్తాడు. ఎదురింటి అవ్వ ఆగింది.

"ఏం తాగుతున్నవ్ బిడ్డా?"

బావ నా వైపు చూసి, "చియా," అని గొణిగాడు.

"గట్టిగ చెప్పు బావా," అన్నాను. "అవ్వకు జర చెవుడు."