రాజోలులో ఫార్మాట్ వద్దన్న రోజు

వశిష్ఠ గోదావరి నీళ్ళు దోసిట్లో పట్టుకుని, తూర్పు ముఖంగా నిలబడి చెబుతున్నాను: ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నా మాట మీద నరసాపురంలో ఎవరికీ నమ్మకం లేదని నాకు తెలుసు. ఓ వానాకాలం ఒక పులస చేప నా సైకిలు వెనక సీటెక్కి ఇంటిదాకా వచ్చిందని చెప్పినప్పటి నుంచి, నేను టైమెంతైందో చెప్పినా మా వీధివాళ్ళు గడియారం చూసుకుంటారు. చూసుకోనివ్వండి. ఇది మాత్రం జరిగింది.

మా ఇంట్లో ఒక పాత కంప్యూటరు ఉంది. బస్టాండు దగ్గర నా జిరాక్స్ కొట్టులో పదేళ్ళు చాకిరీ చేసి, కొట్టులోకి కొత్తది వచ్చాక ఇల్లు చేరింది. చేరిన మర్నాటి నుంచే అది నాది కాకుండా పోయింది, మా ఆవిడదైంది. ఆవిడ లేసు అల్లుతుంది. మా ఊళ్ళో అదేమంత విశేషం కాదు. విశేషమేమిటంటే, అల్లే డిజైను కూడా ఆవిడే పుట్టిస్తుంది. చింతాకు ఒక అంచవుతుంది, పీత కాళ్ళు ఒక మూలవుతాయి, వల మీద పడ్డ ఎండ ఒక టేబుల్ క్లాత్ అవుతుంది. ఇరవై ఏళ్ళుగా ఆ అల్లికలన్నీ మా పేటకు వచ్చే ఏజెంటు పట్టుకుపోతున్నాడు. ఒకసారి రాజమండ్రిలో ఎగ్జిబిషన్‌కి వెళ్ళాం. అద్దం కింద ఆవిడ పీత కాళ్ళ అల్లిక పరిచి ఉంది. పక్కన చిన్న అట్ట, దాని మీద ‘డిజైన్’ అని రాసి, ఏజెంటు పేరు.

ఆవిడ ఆ అట్ట రెండుసార్లు చదివింది. ఇంటికొచ్చి అన్నం పొయ్యి మీద పడేసి అడిగింది.

“ఏమండీ, ఆ కంప్యూటర్లో గళ్ళు గియ్యొచ్చా?”

గియ్యొచ్చు. ఎప్పుడో కొన్న బొమ్మల ప్రోగ్రాం ఒకటి అందులో ఉంది. ఒక గడి ఒక కుట్టు. నల్ల గడి అల్లింది, తెల్ల గడి ఖాళీ. ఏడాది పొడుగునా ఆవిడ గళ్ళు నింపింది. యాభై డిజైన్లు, ప్రతి పేజీ కింద ఆవిడ పేరు. ఈలోగా లేసు అల్లే ఆడవాళ్ళ సంఘం ఒక కబురు పెట్టింది: పెద్ద ఎగ్జిబిషన్‌కి డిజైన్ల పుస్తకాలు పంపుతున్నాం, శుక్రవారంలోగా ఇవ్వాలి, ముందు ఎవరి పేరున నమోదైతే డిజైను వాళ్ళది. అవే డిజైన్లతో ఏజెంటు కూడా పుస్తకం కట్టిస్తున్నాడని రెండో రోజుకే తెలిసింది. మా పుస్తకానికి ఆ యాభై కాక ఇంకా తొమ్మిది పేజీలు గియ్యాల్సి ఉంది.

సరిగ్గా ఆ శనివారం కంప్యూటరు వెతకడం మొదలుపెట్టింది.

తెర మీద ఒక పచ్చ గీత అటునుంచి ఇటు పరిగెత్తుతోంది. కింద, అప్‌డేట్ల కోసం చూస్తున్నాను అని రాసుంది. శనివారం చూసింది. ఆదివారం చూసింది. సోమవారం కూడా చూస్తూనే ఉంది. మామూలుగా మా వైపు ఎవరైనా వీధిలో ఏదైనా వెతుక్కుంటూ కనబడితే ఊరుకోం. ఏం పోయిందండి, ఎక్కడ పోయిందండి అని పదిమంది చేరి, పోయిన వస్తువు సంగతి మరిచిపోయేలా కాఫీలు పట్టిస్తాం. దీన్ని పలకరించడానికి లేదు. ఆపి మళ్ళీ పెడితే మళ్ళీ మొదటి నుంచి వెతుకుతుంది. లోపలున్న జ్ఞాపకశక్తంతా ఆ వెతుకులాటే తినేస్తుంటే, ఆవిడ ఒక గడి నొక్కి వెళ్ళి బియ్యం కడుక్కొచ్చేసరికి ఆ గడి నల్లబడేది. సీపీయూ లోపలి ఫ్యాను విమానంలా రొద చేసింది. మా ఊళ్ళో టీవీకి, ఫ్రిజ్‌కి, అన్నిటికీ లేసు ముసుగులుంటాయి కదా, దీని ముసుగు ఆ గాలికి లేచి మూడు రోజులూ గాల్లోనే నిలబడింది. పక్కింటి పిన్నిగారు పళ్ళెం తెచ్చి దాని వెనకాల మినప వడియాలు పెట్టుకుంది. మధ్యాహ్నానికల్లా గలగలమన్నాయి.

ఊళ్ళో ఇద్దరికి చూపించాను. ఇద్దరూ ఒకటే మాట: “ఫార్మాట్ కొట్టేద్దామండి.” ఫార్మాట్ అంటే ఉన్నదంతా తుడిచేసి కొత్తగా ఎక్కించడం. డిజైన్లు వేరే చోట దాచి పెట్టొచ్చు, సరే. కానీ వాటిని తెరిచే ప్రోగ్రాం మళ్ళీ ఎక్కించాలంటే దాని సీడీ కావాలి. ఆ సీడీని నేను రెండేళ్ళ క్రితం పెరట్లో సపోటా చెట్టుకు వేలాడదీశాను, గబ్బిలాలు బెదురుతాయని. గబ్బిలాలు బెదరలేదు. ఎండకి సీడీ మీది వెండి పూత మాత్రం పొలుసుల్లా రాలిపోయింది. ప్రోగ్రాం అమ్మినాయన కొట్టు మూసి చాలాకాలమైంది. అంటే ఫార్మాట్ కొడితే, యాభై డిజైన్లూ మూత రాని డబ్బాలో ఉండిపోతాయి.

రాజోలులో ఒకాయన ఉన్నాడని ఎవరో చెప్పారు. పాతకాలపు రేడియో మెకానిక్కు, ఇప్పుడు కంప్యూటర్లు చూస్తున్నాడు. మంగళవారం పొద్దున్నే సీపీయూ తువ్వాల్లో చుట్టుకుని నేను, దారపుండల సంచితో ఆవిడ, రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కాం. అవతలి ఒడ్డు సఖినేటిపల్లి, అక్కణ్ణించి ఆటో. పంటులో మా పక్కన చేపల గంపతో ఒకావిడ కూర్చుంది.

“ఏంటండీ బాబూ, ఒళ్ళో పెట్టుకున్నారు, పసిపిల్లోడా?”

“కంప్యూటరమ్మా. ఒంట్లో బాగోలేదు.”

“అయ్యో. ఏం జబ్బండీ?”

“వెతుకుడు. మూడ్రోజులుగా ఏదో వెతుకుతానే ఉంది.”

“ఓస్, అంతేనా! మా ఆయనా అంతేనండి. సొక్కా బుజానేసుకుని సొక్కా కోసం ఇల్లంతా ఎతుకుతాడు. ఒక్క కేకేత్తే ఆగిపోద్ది. ఏశారా కేక?”

“కేకలకి ఆగే రకం కాదమ్మా.”

“ఆయ్, అయితే మీ ఆవిడ్ని ఎయ్యమనండి. మనం ఏసే కేక ఏరండి, ఏవమ్మా?”

మూడు రోజుల్లో మా ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. దిగేటప్పుడు ఆ చేపలావిడ గంపలోంచి గుప్పెడు ఐసు తీసి, “జొరమొత్తే నెత్తిన పెట్టండి” అని నా తువ్వాలు మీద పోసింది. రాజోలు చేరేదాకా అది కరగలేదు.

మెకానిక్కు అరవై దాటిన మనిషి. కళ్ళజోడుకి దారం కట్టి మెళ్ళో వేసుకున్నాడు. సీపీయూకి వైర్లు తగిలించి, పచ్చ గీతని ఒక నిమిషం చూసి, కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.

“ఫార్మాట్ కొట్టేద్దామండి. గంటలో పెళ్ళికొడుకులా తయారవుద్ది.”

నేను లేచి నిలబడ్డాను. ఏమన్నానో ఇప్పటికీ మాట మాటా గుర్తుంది.

“అయ్యా, ఆ మాట ఇంకోసారి అంటే ఈ పెట్టె నెత్తిన పెట్టుకుని గోదాట్లో నడిచి ఇంటికి పోతాం. ఇదిగో, అల్లికలో ఒక వరసలో కుట్టు తప్పుతుంది. అప్పుడేం చేస్తాం? ఆ వరస దాకా విప్పుతాం, మళ్ళీ అల్లుకుంటాం. దుప్పటి మొత్తం పొయ్యిలో పెడతామా? ఇందులో తప్పిన వరస ఏదో మీరు చూడండి. చూడ్డం రాకపోతే రాదని చెప్పండి, తప్పేం లేదు. మీకు రాలేదని ఒకళ్ళు ఏడాది చేసిన పని తుడిచెయ్యడమే తప్పు.”

కొట్టులో రేడియో ఒకటి పాడుతోంది. మెకానిక్కు దాన్ని కట్టేశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“కూర్చోండి,” అన్నాడు. “టైం పట్టుద్ది.”

ముందు నెట్టు వైరు పీకేశాడు. తర్వాత లోపల ఆ వెతుకులాట నడిపే సర్వీసుని పట్టుకుని ఆపేశాడు. పచ్చ గీత నిలిచిపోయింది. సగం సగం దింపుకున్న అప్‌డేట్లు పోగుపడ్డ ఫోల్డరు ఒకటుంటే, దాని పేరు మార్చి పక్కన పెట్టాడు.

“దీని బాధేంటో చెప్తానండి. ఎలా వెతకాలో దీనికి తెలిసింది పాతదైపోయింది. కొత్తగా ఎలా వెతకాలో చెప్పే అప్‌డేట్ ఒకటుంది. అది కావాలంటే ఇది వెతకాలి. నా కళ్ళజోడు పోతే, దాన్ని వెతకడానికి మళ్ళీ కళ్ళజోడు కావాలి చూశారా, అలాగన్నమాట.”

“మరైతే?”

“మనమే తెచ్చి కళ్ళకి పెట్టాలండి.”

తన కంప్యూటర్లో ఆ ఒక్క అప్‌డేటూ దింపి, పెన్ డ్రైవులో తెచ్చి దీనికి ఎక్కించాడు. అది ఎక్కేదాకా నెట్టు వైరు తన కాలి కింద పెట్టుకు కూర్చున్నాడు, వైరు కనబడితే మళ్ళీ వెతకడం మొదలెడుతుందట. ఎక్కాక ఆపి, మళ్ళీ వేసి, అప్పుడు వైరు తగిలించాడు. పచ్చ గీత బయల్దేరింది. ముగ్గురం ఊపిరి బిగబట్టి చూశాం. పదకొండు నిమిషాలు. గీత ఆగి, అప్‌డేట్ల జాబితా ఒకటి బారుగా దిగింది. అవన్నీ ఎక్కేసరికి మధ్యాహ్నం దాటింది. ఫ్యాను రొద తగ్గాక గానీ, పక్క కొట్లో కుట్టుమిషను ఉందని మాకు తెలియలేదు.

ఆవిడ వచ్చి తన ప్రోగ్రాం తెరిచి ఒక గడి నొక్కింది. వెంటనే నల్లబడింది. మళ్ళీ నొక్కింది, తెల్లబడింది. ఆ ఒక్క గడినే అలా ఎన్నిసార్లు నొక్కిందో.

బుధ, గురువారాల్లో తొమ్మిది పేజీలూ పూర్తయ్యాయి. శుక్రవారం మా కొట్లోనే ప్రింటు తీసి, కుట్టించి, సంఘానికి ఇచ్చి రసీదు తెచ్చుకుంది. సాయంత్రం ఏజెంటు ఇంటికొచ్చాడు, మొహం మాడ్చుకుని.

“ఏంటమ్మా ఇలా చేశారు? నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదండీ?”

“రాజమండ్రిలో మీరు నాతో చెప్పారాండి?” అంది ఆవిడ. కాఫీ మాత్రం ఇచ్చింది.

ఇంతవరకూ రాసి, నిన్న ఆవిడకి చదివి వినిపించాను. అల్లుకుంటూ విన్నది. పులసకి నవ్వింది. వడియాలకీ, కరగని ఐసుకీ, “మీరు మారరు” అంది. రాజోలు కొట్టులో నేను లేచి నిలబడ్డ చోటికి వచ్చేసరికి సూది ఆగింది.

“ఏమండీ, ఆ మాటలు ఎవరన్నారు?”

“కథ అన్నాక కొంచెం...”

“వడియాలు ఎండబెట్టుకోండి, చేపల్ని సైకిలెక్కించుకోండి, నేనేమన్నా అన్నానా? నా డిజైన్లు ఆయన పేరున వేసుకున్నాడని ఇరవై ఏళ్ళ కడుపుమంట నాది. ఇప్పుడు నా మాటలు మీ పేరున వేసుకుంటారా?”

కాబట్టి ఒప్పుకుంటున్నాను. పులసా వడియాలూ ఐసూ నా సరుకే, వాటిని నేను వెనక్కి తీసుకోను, ఎవరేమనుకున్నా సరే. కానీ అసలు కల్పన ఒక్కటే. ఆ కొట్టులో లేచి నిలబడింది నేను కాదు. బల్ల మీద నుంచి, చేతిలో సూదితో లేచింది ఆవిడ. కుట్టు తప్పిన వరస, పొయ్యిలో దుప్పటి, గోదాట్లో నడిచిపోవడం, అన్నీ ఆవిడ నోటి మాటలే, అక్షరం పొల్లు పోకుండా రాశాను. అప్పటికి మెకానిక్కు వేలు మీట మీద ఉంది. ఫార్మాట్ కొట్టేద్దామా అని ఆయన నన్నే అడిగాడు. నేను ఆ రోజు రాజోలులో అన్న మాట ఒక్కటే, అది మాత్రం పూర్తిగా నా సొంతం.

“సరేనండి, కొట్టెయ్యండి” అన్నాను.