రెండోసారి కట్టాల్సిన గొలుసు

శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్లే రోడ్డు మీద, పాత కార్లను మళ్లీ నడిచేలా చేసే ఒక వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా ఉండగా నేను రిటైరయ్యాను. పని హెడ్ మెకానిక్ చేస్తాడు, ఆ పనికి పూచీ ఫోర్‌మన్‌ది. ఇప్పుడు చెప్పబోయేది నా రిటైర్మెంటుకు ముందు ఏడాది, మాఘమాసంలో జరిగింది. తలుచుకుంటే ఇప్పటికీ తలెత్తబుద్ధి కాదు.

కారు పద్మిని. యజమాని రావుగారిది తణుకు వైపు, ఉండేది కొంపల్లిలో. ఆ కారు వాళ్ల నాన్నగారిది. తల్లి మహాలక్ష్మమ్మగారికి ఎనభై నిండిన సందర్భంగా మేడ్చల్‌లోని ఫంక్షన్ హాల్లో వేడుక పెట్టుకున్నారు. ముహూర్తం పదింటికి. కాలం చేసిన భర్త కారులోనే హాలుకు వెళ్లాలని ఆవిడ పట్టు. ముందు చక్రాలకు వేయాల్సిన కాయిల్ స్ప్రింగులు ఆలస్యంగా వచ్చాయి. కుడివైపుది ముందురోజు బిగించాం, ఎడమవైపుది వేడుక నాటి పొద్దుటికి మిగిలింది. ఆవిడ పట్టుచీర కట్టుకుని, కొడుకుతో పాటు పొద్దున్నే వచ్చి షెడ్డులో కుర్చీ వేయించుకున్నారు.

కాయిల్ స్ప్రింగును కంప్రెసర్ అనే పనిముట్టుతో నొక్కి పొట్టిగా చేస్తేనే దాని చోట్లో పడుతుంది. రెండు పక్కలా కొక్కేలు తగిలించి, ఈ బోల్టు కొంచెం, ఆ బోల్టు కొంచెం, సమంగా తిప్పాలి. కొక్కెం జారిందా, స్ప్రింగు ఎగిరొచ్చి ఎముకలు విరుస్తుంది, ప్రాణం తీసినా తీస్తుంది. అందుకని దాని చుట్లలోంచి గొలుసు దూర్చి ఛాసిస్‌కు, అంటే కారు అడుగు చట్రానికి కడతాం. చక్రాన్ని మోసే కింది ఆర్మ్‌ను జాకీతో లేపి, దాన్ని పట్టి ఉంచే బాల్ జాయింట్ నట్టు బిగించి, కంప్రెసర్ వదులు చేసేదాకా ఆ గొలుసు తీయకూడదు. స్ప్రింగుకు ఎదురుగా ఎవరూ ఉండకూడదు.

ఇదంతా ఆ పొద్దున వాళ్లకు పాఠంలా చెప్పాను. "అమ్మా, మీరు గా గోడకాడ కూసోండ్రి. గొలుసు కట్టంది దీని దగ్గర్కి నేను గూడ రాను" అన్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. రావుగారు తలూపుతున్నకొద్దీ నేను ఇంకా చెప్పుకుపోయాను. మా హెడ్ మెకానిక్ యాదగిరి తనలో తను నవ్వుకుంటూ జాకీ పెట్టాడు.

పని అనుకున్న వేళకే అయింది. గొలుసు తీసి, చక్రం ఎక్కించబోతుండగా ట్రాలీ మీద నల్లటి రబ్బరు ప్యాడ్ కనిపించింది. అది స్ప్రింగు పైకొసకూ ఛాసిస్‌కూ మధ్య ఉండాలి, లేకపోతే ఇనుము ఇనుమును కొట్టుకుంటుంది. ప్యాడ్ పెట్టడం నా వంతు. మాటల్లో పడి మరిచాను.

యాదగిరి కూడా చూశాడు. "గీ జరంత దూరానికి ఏం గాదు సార్. ఫంక్షన్ అయినంక ఇప్పుదాం. ఎవలకెర్కైతది?" అన్నాడు గొంతు తగ్గించి.

వద్దన్నాను. దాన్ని నిజాయితీ అని చెప్పుకోను. హాలు ముందు నలుగురిలో కారు టకటకమంటే నా పరువు గంగలో కలుస్తుందని భయం, అంతే. రావుగారికి విషయం చెప్పాను. ఆయన చేతి గడియారం వైపు చూసుకున్నారు. తిట్టినా బాగుండేది. నా చెవులు వేడెక్కిపోయాయి.

యాదగిరిని పక్కకు జరగమని నేనే కూర్చున్నాను. కొక్కేలు గబగబా తగిలించి, నొక్కేసి, నట్టు విప్పి, ఆర్మ్ దించడానికి జాకీ పిడి మీద చెయ్యి వేశాను.

"బాబూ," అన్నారు మహాలక్ష్మమ్మగారు గోడ దగ్గర్నుంచి, "ఇందాక గొలుసు కట్టందే దగ్గరికి కూడా రానన్నారు కదా. ఇప్పుడు అక్కర్లేదా?"

ఎత్తిపొడుపు కాదు, తెలియక అడిగారు. గొలుసు నేల మీద, నేను విసిరేసిన చోటే ఉంది. నా ముఖం స్ప్రింగుకు సరిగ్గా ఎదురుగా ఉంది. ఒక కొక్కెం జారిపోయేలా స్ప్రింగు చుట్టు అంచుకు వచ్చేసి ఉంది.

పిడి వదిలేసి లేచాను. "ముహూర్తానికి గాదు సార్. అమ్మను మీరొచ్చిన కార్ల తోల్కపోండ్రి" అన్నాను.

"ఆయన కార్లో వెళ్దామనుకున్నాను," అన్నారు ఆవిడ, నాతో కాదు, ఆ కారుతో అన్నట్టు. తర్వాత కొడుకు చెయ్యి పట్టుకుని వాళ్ల కొత్త కారెక్కారు.

మేం గొలుసు కట్టి, మొదటి నుంచీ మళ్లీ చేశాం. పద్మినిని నేనే హాలుకు నడుపుకెళ్లాను. అప్పటికి పంక్తి భోజనాలు నడుస్తున్నాయి. రావుగారు బయటికొచ్చి భోంచేసి వెళ్లమన్నారు. తాళాలు ఆయన చేతిలో పెట్టి, ఆకలి లేదని అబద్ధమాడి, ఆటోలో వచ్చేశాను. లోపలికి వెళ్లి ఆవిడకు కనబడే ముఖం నాకు లేదు.

ఆ తర్వాత మా షెడ్డులో ఒక పద్ధతి పెట్టాను. తప్పు చేసినవాడు ఆ పనిని వెంటనే తానే విప్పకూడదు. బయటికెళ్లి టీ తాగి రావాలి, లేదా ఇంకొకరు విప్పాలి. మొదటిసారి స్ప్రింగును భయంతో పట్టుకుంటాం కాబట్టి గొలుసు గుర్తుంటుంది. రెండోసారి సిగ్గుతో పట్టుకుంటాం, అప్పుడు తొందర తప్ప ఇంకేమీ గుర్తుండదు.