మా వీధికి గేటు పెట్టాం

కాశీబుగ్గలో మేం ఇల్లు కట్టుకున్న వీధికి అప్పట్లో పేరు లేదు. పదిహేడు ఇళ్ళు, మధ్యలో మట్టి రోడ్డు. ఒక చివర బజారుకి పోయే దారి. రెండో చివర ఖాళీ స్థలాలు, వాటి అవతల కాలనీ. ఆ కాలనీలో ఆడవాళ్ళు దాదాపు అందరూ జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పనిచేసేవారు. పొద్దున్న ఆరు కాకముందే క్యారేజీలు పట్టుకుని గుంపులుగా మా వీధిలోంచి వెళ్ళేవారు, సాయంత్రం అదే దారిన తిరిగొచ్చేవారు. నేను బడిలో టీచరుని. టెక్కలి నుంచి బదిలీ మీద వచ్చిన కొత్తలో వాళ్ళ మాటల చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది.

వాళ్ళలో ఒకామె మా చర్చికే వచ్చేది. నలభై దాటి ఉంటాయి. భర్త పోయాడు, ఒక్కతే కూతురు, ఆ పిల్ల కూడా అదే పనిలో ఉండేది. ఏళ్ళ తరబడి జీడి పిక్కలు కొట్టి కొట్టి, తొక్కలోని జీడి రసం అంటుకుని ఆమె వేళ్ళు నల్లగా కాలినట్టు ఉండేవి. ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్ళెం వచ్చినప్పుడు చేతిని చీర కొంగులోంచి తీసి, ముక్క తీసుకుని, మళ్ళీ లోపల పెట్టేసుకునేది. బుధవారం స్త్రీల కూడికలో మా ఇద్దరిదీ ఒకటే చాప. పాట ఎత్తుకోవడం ఆమె పని, ప్రార్థన చెయ్యడం నా పని.

ఆ ఏడాది పెద్ద తుఫాను వచ్చింది. కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. మా వీధిలో కరెంటు స్తంభాలు ఒక్కటీ నిలబడలేదు. కరెంటు లేకపోతే మోటార్లు లేవు, మోటార్లు లేకపోతే మాకు నీళ్ళు లేవు. రెండో రోజు పొద్దున్న ఆమె మా గుమ్మం ముందు ఆగింది.

"బిందెలట్టుకుని మా బోరింగు కాడికి రండి టీచరమ్మా. దానికి కరెంటుతో పన్నేదు."

వెళ్ళాను. నా వెనక వీధంతా వచ్చింది. కాలనీలో సగం ఇళ్ళకి కప్పులు లేవు. ఆ ఆడవాళ్ళు తడిసిన బట్టలు ఆరేసుకుంటూనే మాకు దారి ఇచ్చారు. నేను వరసలో నిలబడబోతే ఆమె నా బిందె లాక్కుని ముందు పెట్టింది. "మీకు అలవాటు నేదు, ఒగ్గీండి, నాను కొడతాను" అంది. మూడు వారాలు మా పదిహేడు ఇళ్ళూ ఆ బోరింగు నీళ్ళే తాగాయి. ఒక్కనాడు కూడా ఎవరూ ఒక్క మాట అనలేదు.

కరెంటు వచ్చిన వారానికి మా వీధివాళ్ళం మొదటిసారి ఒకచోట కూర్చున్నాం. రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు మా వీధిలో ఉండేవారు. అందరం బాబాయిగారు అనేవాళ్ళం. వాళ్ళ వరండాలోనే కూర్చున్నాం. కష్టం వస్తే ఎలా ఉంటుందో చూశాం కాబట్టి ఇక నుంచి ఒకరికొకరు ఉండాలని ఆయన అన్నారు. కమిటీ ఏర్పడింది. ఆయన ప్రెసిడెంటు. నా దస్తూరీ బాగుంటుందని నన్ను కార్యదర్శిని చేశారు.

మొదటి రెండేళ్ళు నిజంగానే మంచి పనులు చేశాం. ఇది చెప్పకపోతే అన్యాయం. కాలవ తవ్వించుకున్నాం. ఆఫీసుల చుట్టూ తిరిగి వీధి దీపాలు వేయించాం. ఒంటరిగా ఉండే ముసలావిడకి జ్వరం వస్తే వంతుల వారీగా గంజి పట్టుకెళ్ళాం. అంతకుముందు పక్కింటివాళ్ళ పేరు కూడా తెలియని మనుషులం, ఒకరి పెళ్ళిలో ఒకరు వడ్డించే దాకా వచ్చాం. సాయంత్రాలు ఆ వరండాలో కూర్చుంటే నాకు గర్వంగా ఉండేది.

తర్వాత వస్తువులు పోవడం మొదలైంది. ముందు ఒకరి సైకిలు. తర్వాత ఒకరి నీళ్ళ మోటారు. ఆ తర్వాత మా పెరట్లో ఇత్తడి బిందె. అది మా అమ్మ నాకిచ్చింది. నిమ్మాడ నుంచి తనే మోసుకొచ్చి ఇచ్చింది. అన్నీ పట్టపగలే పోయాయి, మేం పనులకి వెళ్ళిన వేళల్లో.

మీటింగు పెట్టాం. ఎవరి పేరూ ఎవరూ ఎత్తలేదు. ఎదురింటి ఎరువుల వ్యాపారి మాత్రం నెమ్మదిగా అన్నాడు.

"రోజూ అంతమంది ఈదిలోంచి ఎల్తన్నారు, వస్తన్నారు. ఎవరెవరో మనకేటి తెలుస్తాది. ఆ సివర ఒక గేటెట్టీసి తాళమేస్తే గొడవొదిలిపోద్ది."

నేను లేచి, "అది వాళ్ళు పనికెళ్ళే దారి కదా. తుఫానప్పుడు వాళ్ళ నీళ్ళే తాగాం" అన్నాను.

బాబాయిగారు నావైపు జాలిగా చూశారు. "ఎవులు కాదన్నారమ్మా? ఆల మంచితనం మనం మర్సిపోలేదు. ఆలనేటీ అనట్లేదు కదా. దారొకటి మూస్తన్నాం, అంతే. సుట్టూ తిరిగి ఎల్డానికి పెద్దరోడ్డుంది."

మా ఆయన నా మోచెయ్యి తట్టారు, కూర్చోమన్నట్టు. కూర్చున్నాను. ఆయన తట్టినందుకే కూర్చున్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆ బిందె నా కళ్ళముందు ఉంది. మా పెరటి గోడ పక్కనుంచే వాళ్ళు నడిచి వెళ్తారన్న సంగతి కూడా నా మనసులో ఉంది. పుస్తకం తీసి, గుండ్రటి అక్షరాలతో, "బయటి వ్యక్తుల రాకపోకలను అరికట్టుటకు ఇనుప గేటు ఏర్పాటు చేయుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అని రాశాను. ఏకగ్రీవంగా అన్న మాట ఎవరూ చెప్పలేదు. నేనే రాశాను.

గేటు పెట్టిన మర్నాడు పొద్దున్న వాళ్ళ మాటలు ఎప్పటిలాగే దగ్గరికొచ్చి, గేటు దగ్గర ఆగిపోయాయి. నేను వంటింట్లో నిలబడి వింటున్నాను. బయటికి వెళ్ళకూడదనుకున్నాను. అప్పుడు ఆమె గొంతు వినిపించింది.

"టీచరమ్మా. తాళం ఎవరికాడుంది?"

వెళ్ళక తప్పలేదు. ముప్పై మంది దాకా గేటు అవతల నిలబడి ఉన్నారు. ఆమె ముందుంది.

"ఎందుకేసినారు?" అని అడిగింది.

"వీధిలో దొంగతనాలు ఎక్కువయ్యాయని..."

"మేమే సేసినామనా?"

"అలా ఎవరూ అనలేదు."

"మరి గేటెవరికి?"

కమిటీ నిర్ణయం అన్నాను. ఆమె కొంచెం సేపు నన్ను చూసింది. కోపంగా కాదు, లెక్క తప్పు చేసిన పిల్లని నేను చూసినట్టు చూసింది. తర్వాత వెనక్కి తిరిగింది. "పదండి, ఎల్దాం. ఆలీసమైతే లోపలికి రానివ్వరు" అంది వాళ్ళతో.

చుట్టూ తిరిగి అంటే నేషనల్ హైవే మీదుగా. అప్పుడే దాన్ని వెడల్పు చేస్తున్నారు. ఒక పక్క కంకర గుట్టలు, ఇంకో పక్క తవ్విన గోతులు. నడిచేవాళ్ళకి తారు అంచు తప్ప వేరే చోటు లేదు. ఒడిశా వైపు పోయే లారీలు ఆ అంచుని రాసుకుంటూ వెళ్ళేవి. నేను బస్సులో వెళ్తూ వాళ్ళు ఒకరి వెనక ఒకరు నడవడం ఒకటి రెండుసార్లు చూశాను. మరో కిటికీ వైపు తిరిగాను.

చర్చిలో ఆమె అదే చాప మీద కూర్చునేది. పాట ఎత్తుకునేది. నాతో మాత్రం, "బాగున్నారా" అంటే "బాగున్నాం" అని ఊరుకునేది. నాకు అది శిక్షలా ఉండేది. నిజం చెప్పాలంటే, ఈ మాత్రం దానికే ఇంత పట్టుదలేమిటని లోపల విసుక్కునేదాన్ని కూడా.

వానాకాలం వచ్చింది. ఒకరోజు మూడో తరగతి పిల్లలకి ఏడో ఎక్కం చెప్పిస్తున్నాను. మా బళ్ళో ఆయా గుమ్మం దగ్గరికొచ్చి, పెద్దరోడ్డు మీద పొద్దున్న పిక్కల పనికెళ్ళేవాళ్ళని లారీ గుద్దేసిందని, ఒకామె అక్కడికక్కడే పోయిందని చెప్పింది. ఎవరని అడిగాను. మీ చర్చి ఆవిడే అంది. నేను తల ఊపాను. ఎక్కం ఆపలేదు. ఏడు పదులు డెబ్బై దాకా చెప్పించాను. ఎందుకు ఆపలేదో నాకు ఈ రోజుకీ తెలియదు.

సమాధి చేసేటప్పుడు మా వీధివాళ్ళు వచ్చారు. కమిటీ తరఫున పెద్ద పూలదండ తెచ్చారు. అందరం ఒక పక్క గొడుగుల కింద నిలబడ్డాం, కాలనీవాళ్ళు రెండో పక్క తడుస్తూ నిలబడ్డారు. బాబాయిగారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. అవి దొంగ కన్నీళ్ళు కావు. "ఆ లారీవోలకి కళ్ళు కనపడవు" అన్నారు నాతో. మా పక్క నిలబడిన అందరూ లారీవాళ్ళని తిట్టారు. గేటు మాట ఎవరూ అనలేదు. నేను కూడా అనలేదు. ఆమె చోట ఇంకొకామె పాట ఎత్తుకుంది.

తర్వాతి మీటింగులో మాత్రం అడిగాను. గేటు తీసేద్దాం అన్నాను. చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆఖరికి, మనం కూడా మనుషులమే అని ఒప్పుకుని, పొద్దున్న రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు గేటు తెరుద్దామన్నారు. కానీ వెళ్ళేవాళ్ళు ఒక పుస్తకంలో పేరు రాసి సంతకం పెట్టాలి. ఇది కూడా నేనే రాశాను. కొంతయినా సాధించానని అనుకున్నాను.

ఆ సంగతి చెప్పడానికి కాలనీకి వెళ్ళాను. తుఫాను తర్వాత అక్కడికి వెళ్ళడం అదే మొదలు. ఆమె కూతురు గడపలో కూర్చుని జీడికి కాలిన వేళ్ళకి ఆముదం రాసుకుంటోంది. గేటు తెరుస్తున్నారని చెప్పాను. పుస్తకం సంగతీ చెప్పాను.

"పేర్లు రాసి ఎల్లాలా మీ ఈదిలోంచి?" అంది.

"ఊరికే, లెక్క కోసం. నేను దగ్గరుండి చూసుకుంటాను."

"మా అమ్మకి సంతకం రాదు టీచరమ్మా. ఆవిడుంటే మీ మొకం సూసి ఏలిముద్ర ఏసీదేమో. నాకు సంతకం వొచ్చు. పెట్టను."

నన్ను కూర్చోమనలేదు. వెళ్ళిపోమని కూడా అనలేదు. ఆముదం రాసుకుంటూనే ఉంది.

గేటు రెండు పూటలా తెరుచుకునేది. పక్కన స్టూలు మీద పుస్తకం. ఒక్కరు రాలేదు. నెల తిరిగేసరికి, "మనం తెరిసినా ఆలే రాట్లేదు" అని ఎరువుల వ్యాపారి తృప్తిగా అన్నాడు. మళ్ళీ తాళం పడింది. దొంగతనాలు ఆగాయా అంటే అదీ లేదు. గేటు ఉండగానే ఇంకో రెండిళ్ళలో సామాన్లు పోయాయి. దొంగ ఎవరో ఎప్పటికీ తెలియలేదు. అయినా ఆ ఏడాది మా వీధి చాలా శుభ్రంగా, పద్ధతిగా ఉందని ఎవరో పెద్దమనుషులు వచ్చి మెచ్చుకుని, మాకు ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు. గేటు ముందే ఫోటో తీశారు. అందులో నేను మూడో మనిషిని. నవ్వుతున్నాను.

మరుసటి ఏడాది కార్యదర్శి పని మానేశాను. ఆరోగ్యం బాగోలేదని చెప్పాను. అసలు కారణం చెప్పే ధైర్యం అప్పుడూ లేదు.

కొన్నేళ్ళకి ఆ ఖాళీ స్థలాలు అమ్ముడుపోయాయి. కొన్నవాళ్ళు మేడలు మొదలుపెట్టారు. ఇసుక లారీలు రావాలి, రేపు వాళ్ళ కార్లు వెళ్ళాలి, గేటు అడ్డంగా ఉంది అన్నారు. ఒక మధ్యాహ్నం కటింగ్ మిషను తెచ్చి అరగంటలో గేటు కోసేశారు. మీటింగు లేదు, తీర్మానం లేదు. కమిటీలో ఎవరూ అడ్డు చెప్పలేదు. బాబాయిగారు వచ్చినవాళ్ళకి మజ్జిగ ఇప్పించారు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక కూతురిని ఆపి, గేటు తీసేశారని చెప్పాను. ఆ పిల్లకి అప్పటికి పెళ్ళయింది, చంకలో బిడ్డ ఉంది.

"అవునట, సెప్పినారు" అంది. "మాకు పెద్దరోడ్డు అలవాటైపోనాది టీచరమ్మా."

బిడ్డని చంక మార్చుకుని, మిగతా ఆడవాళ్ళతో కలిసి హైవే వైపు నడిచింది.