సద్ది ఫోల్డర్‌లో మార్చిన పేరు

ఈ బరువు ఎన్నో ఏళ్లుగా నాతోనే తిరుగుతోంది. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. జాలి చూపమని అడగడం లేదు. ఏడుస్తూ చెప్పడం కూడా నా వల్ల కాదు. ముందుగా నా పని గురించి కాస్త గొప్పగానే చెప్పుకోవాలి, ఎందుకంటే నేను ఆ తప్పు చేసింది పని రాక కాదు. పని బాగా వచ్చు గనకే చేశాను.

నేను మొబైల్ యాప్‌లు తయారుచేస్తాను. ఏ యాప్‌నైనా మొత్తం మనమే రాయం. ఎవరెవరో రాసిపెట్టిన కోడ్ ముక్కలు, అంటే లైబ్రరీలు, తెచ్చుకుని మన కోడ్‌కు కలుపుకుంటాం. ఒక్కో లైబ్రరీకి మళ్లీ వేరే లైబ్రరీలు కావాలి. ఒకటి కొత్త వెర్షన్ అడుగుతుంది, ఇంకొకటి పాతదే కావాలని మొండికేస్తుంది, మరొకటి అసలు దొరకదు. అప్పుడు అన్నీ కలిపి యాప్‌గా కట్టే పని, అంటే బిల్డ్, ఆగిపోయి తెర నిండా ఎర్ర అక్షరాలు వస్తాయి. దాన్నే డిపెండెన్సీ ఎర్రర్ అంటాం. కొత్తగా చేరినవాళ్లు ఆ ఎరుపు చూసి బెంబేలెత్తిపోతారు. నేను కింది నుంచి పైకి చదువుకుంటూ పోతాను, పేచీ ఎక్కడుందో పట్టేస్తాను, టీ చల్లారేలోపు బిల్డ్ నడుస్తుంది. ఖమ్మంలో నా పని తెలిసినవాళ్లను ఎవరిని అడిగినా ఇదే చెప్తారు.

అప్పట్లో నేను పనిచేసిన చిన్న కంపెనీ భద్రాచలం అవతలి అడవి గూడేల కోసం ఒక యాప్ మొదలుపెట్టింది. పని ఒక్కటే. గూడెంలో ఎవరికైనా నొప్పులొచ్చినా, జ్వరం ముదిరినా అక్కడి ఆశ కార్యకర్త ఫోన్‌లో ‘బండి కావాలి’ అనే బటన్ నొక్కాలి. గూడెంలో సిగ్నల్ ఉండదు. అందుకని ఆ మెసేజ్ ఫోన్‌లోనే దాగి ఉండి, సిగ్నల్ తగలగానే రోడ్డు మీది జీపు డ్రైవర్‌కు వెళ్లిపోవాలి. ఈ దాచి పంపే కోడ్ రాసింది సుజాత. అది ఆమె అసలు పేరు కాదు. ఇల్లందు పిల్ల, వాళ్ల నాన్న బొగ్గుబావిలో పనిచేసేవాడు. నాకంటే చిన్నది, నన్ను అన్నా అని పిలిచేది. ఒక్కో లైన్ రాసి, చదివి, పక్కనే ఎందుకు రాసిందో కూడా రాసుకునేది. ఇంత నెమ్మది అయితే ఎట్లా అని నేను వెక్కిరించేవాణ్ణి.

అడవి అంచున ఒక కిరాణా కొట్టు పైగది కిరాయికి తీసుకుని అక్కడే ఉండి పనిచేశాం. అక్కడ నెట్ వచ్చేది తక్కువ, పోయేది ఎక్కువ. అందుకని ఖమ్మంలోనే కావలసిన లైబ్రరీలన్నీ దించుకుని, ఒక ఫోల్డర్‌లో పెట్టుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకునేవాళ్లం. అందరి లాప్‌టాప్‌లూ నెట్ లేకుండా ఆ ఫోల్డర్‌లోంచే తీసుకుని బిల్డ్ చేసేవి. తన నాన్న బొగ్గుబావిలోకి సద్ది మూట కట్టుకుని దిగినట్టు మనమూ కట్టుకుని వచ్చామని సుజాతే ఆ ఫోల్డర్‌కు ‘సద్ది’ అని పేరు పెట్టింది. దాన్ని కట్టే పని నాది.

గూడేల ఆశ కార్యకర్తలందరినీ పిలిచి ఫోన్లలో యాప్ వేసివ్వాల్సిన రోజుకు ముందు రోజు, మధ్యాహ్నం, బిల్డ్ ఆగిపోయింది. మెసేజ్‌లు దాచే లైబ్రరీది కొత్త వెర్షనే కావాలని సుజాత కోడ్‌లో రాసింది. ఊరికే రాయలేదు. పాత వెర్షన్‌లో ఒక లోపం ఉంది, ఫోన్ ఆగిపోయి మళ్లీ వెలిగితే దాచినవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఆ సంగతి ఆమే చదివి నాకు చెప్పింది. నేను సరేనన్నాను గానీ, ఖమ్మంలో సద్ది కట్టేటప్పుడు కొత్తది పెట్టడం మర్చిపోయాను. బయట వాన, నెట్ లేదు. కంపెనీ నడిపే సార్ వచ్చి నా వెనక నిలబడ్డాడు. నీకు కూడా రాదా అన్నట్టు చూశాడు.

రాకపోవడమా? నాకా?

సార్ కిందికి టీకి పోగానే సద్దిలో ఉన్న పాత లైబ్రరీ తీశాను. ఫోల్డర్ పేరులో, ఫైలు పేరులో, లోపలి వివరాల్లో, అన్నిచోట్లా పాత నంబర్ కొట్టేసి కొత్త నంబర్ పెట్టాను. పాత మందు సీసాకు కొత్త చీటీ అంటించడమే అది. బిల్డ్ కొత్త వెర్షన్ అడిగింది, పేరు చూసింది, సరేనంది. ఎర్ర అక్షరాలు పోయాయి. సార్ వచ్చి భుజం తట్టాడు. సుజాత కూడా నవ్వింది. నెట్ రాగానే అసలుది తెచ్చి పెడదామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. తర్వాత తెచ్చి కలిపితే మరో నాలుగు లైబ్రరీలు పేచీకి దిగాయి. ఇప్పుడు బాగానే నడుస్తోంది కదా, తొందరేముందని వదిలేశాను. ఫోన్ ఆగిపోతే ఏమవుతుందో నాకు తెలియదా? తెలుసు. అడవిలో ఫోన్లు ఛార్జింగ్ లేక రోజూ ఆగిపోతాయని తెలియదా? అదీ తెలుసు.

వానాకాలం ముదిరాక ఒక గూడెంలో ఒకామెకు నొప్పులొచ్చాయి. ఆశ కార్యకర్త బటన్ నొక్కింది. ఫోన్ ఆగిపోయింది. దారిలో ఎవరింట్లోనో ఛార్జింగ్ పెట్టి వెలిగించింది. మెసేజ్ వెళ్లి ఉంటుందనుకుని జీపు కోసం రోడ్డు మీద ఎదురుచూశారు. జీపు రాలేదు. వానలో, ట్రాక్టర్ ట్రాలీలో కాన్పయింది. తల్లీ బిడ్డా బతికారు. వాళ్లకేమైనా అయి ఉంటే అప్పుడే నిజం చెప్పేవాణ్ణని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. చెప్పేవాణ్ణా? ఆ మాట నేనే పూర్తిగా నమ్మను.

ఫోన్ ఆగి వెలిగిందని ఆశ కార్యకర్త చెప్పిన క్షణంలోనే నాకు అర్థమైపోయింది. సార్ మాత్రం ఒక్కటే అడిగాడు, మెసేజ్ దాచే కోడ్ ఎవరిదని. సుజాత చెయ్యెత్తింది. ఆ రోజంతా ఆమె తన కోడ్ ముందు నుంచి లేవలేదు, అన్నం కూడా తినలేదు. లైబ్రరీ వెర్షన్ కూడా చూసుకుంది. కొత్త నంబరే కనిపించింది. ఇక తప్పు తన దగ్గరే ఉండాలి కదా. సాయంత్రం లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది.

“అన్నా, నాకైతే ఏం దొరుకుతలేదు. నువ్వొక్కసారి చూసి చెప్పు. నువ్వు తప్పంటే తప్పే.”

చూశాను. నిదానంగా, పైనుంచి కింది దాకా చదివాను. అంత శుభ్రమైన కోడ్ నేను అప్పటికి రాయలేదు.

“ఏడనో ఒక లైన్ తేడా కొట్టింది చెల్లె,” అన్నాను. “గిట్లయితది ఒక్కోసారి. నేను చూసుకుంట తీ.”

“అంటే నా తప్పేనా?”

“అవ్.”

ఆ ఒక్క మాట అనడానికి నాకేమీ కష్టం కాలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా నన్ను తొలిచేది అదే. గొంతు వణకలేదు, కళ్లు దించుకోలేదు. ఎర్రర్ చదివి కారణం చెప్పినంత ధీమాగా చెప్పాను.

ఆమె లాప్‌టాప్ మూసి తీసుకెళ్లింది. ఆ వారమే మానేసి ఇల్లందు వెళ్లిపోయింది. సార్ పొమ్మన్నాడో, ఆమే పోతానందో నేను అడగలేదు. నేను ఖమ్మం వెళ్లి కూర్చుని, పేచీలన్నీ తీర్చి, అసలు వెర్షన్ కలిపి కొత్త బిల్డ్ ఇచ్చాను. ఇంతకూ ఏం సరిచేశావని ఎవరూ అడగలేదు. బిల్డ్‌ల విషయంలో నాకున్న పేరు అలాంటిది. సుజాత చెడగొట్టింది నేను బాగుచేశానని అందరూ అనుకున్నారు. టీమ్‌కు నన్నే పెద్దను చేశారు. వద్దనలేదు. ఈ మధ్య పిల్లలకు పాఠాలు కూడా చెప్తున్నాను, డిపెండెన్సీ ఎర్రర్ వస్తే అడ్డదారి తొక్కొద్దని. బాగా చెప్తానంటారు. బాగానే చెప్తాను.

మరి ఇప్పుడెందుకు ఇదంతా? మొన్న ఇల్లందు బస్టాండ్‌లో సుజాత కనిపించింది. తనే గుర్తుపట్టి పలకరించింది. పాల్వంచలో ఒక దవాఖానాలో చీటీలు రాసే కౌంటర్‌లో చేస్తోందట. మళ్లీ కోడ్ రాయలేదట, తన చేతి మీద తనకు నమ్మకం పోయిందట. కోపంగా చెప్పలేదు. నవ్వుతూనే చెప్పింది. బస్సు వచ్చాక, ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగింది.

“ఆ కోడ్ నా ఫోన్ల ఇంకా ఉన్నదన్నా. ఖాళీ ఉన్నప్పుడు తీసి చూస్తుంట. ఆ లైన్ ఏందో నాకు ఇప్పటిదాంక దొరకలె.”

బస్సు కదిలింది. పరిగెత్తి ఎక్కి ఉండొచ్చు. పాల్వంచ దాకా పక్కనే కూర్చుని చెప్పి ఉండొచ్చు. ఎక్కలేదు. ఉద్యోగం పోతే ఇంకొకటి దొరుకుతుందని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. కానీ ఆమె ఇప్పటికీ వెతుకుతోంది. లేని తప్పు కోసం, నేను ఉందన్నానన్న ఒక్క కారణంతో, దవాఖానా కౌంటర్ దగ్గర జనం పలచబడ్డప్పుడల్లా ఫోన్ తీసి తన కోడే తను అనుమానిస్తూ చదువుకుంటోంది. దీన్ని సరిచేసే తెలివి నాకు లేదనను. ఒక్క వాక్యంతో సరయ్యే పని. ఆ వాక్యం నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు.

క్షమించమని ఆమెను అడగను. అడిగితే ఆ మంచి పిల్ల క్షమించేస్తుంది, అది నాకు మరీ చవకగా దొరికినట్టవుతుంది. మీరు కూడా నన్ను ఓదార్చకండి. ఇంత దూరం రాశాక ఛాతీ మీది నుంచి ఏదో పక్కకు జరిగినట్టుంది, ఇవాళ్టికి నాకది చాలు. ఆమె ఇది ఎప్పుడైనా, ఎక్కడైనా చదవొచ్చు. పేరు మార్చినా సద్ది అనగానే గుర్తుపడుతుంది. అందుకే మిగిలిన మాట ఆమెకే చెప్తున్నాను, అప్పుడు అబద్ధం చెప్పినంత ధీమాగానే.

చెల్లె, ఫోన్ పక్కన పెట్టు. ఆ కోడ్‌లో తప్పు లైన్ లేదు. ఇంక వెతకకు.