బుట్ట మీద తువ్వాలు

ఫోన్ చెయ్యాలంటే ఎస్టీడీ బూత్ ముందు వరసలో నిలబడవలసిన కాలం అది. అప్పట్లో నాకు లోకజ్ఞానం చాలా ఉండేది. ఇప్పుడున్నదానికి సరిగ్గా రెట్టింపు. మా తాత విజయనగరం వైపు నుంచి ఉప్పు బస్తాతో కొండెక్కాడు. ఆ ఉప్పుకి కిరసనాయిలు, పొగాకు, దువ్వెనలు, గొడుగులు చేర్చి మా నాన్న అరకులో కొట్టు పెట్టాడు. అలాంటి ఇంట్లో పిల్లలకి ఉగ్గుతో పాటు బేరం కూడా పట్టేవాళ్ళు. ఎన్ని ముద్దలు తింటావురా అని అమ్మ అడిగితే నేను రెండు దగ్గర మొదలుపెట్టేవాణ్ణి, ఆవిడ ఆరు దగ్గర మొదలుపెట్టేది (ఆవిడా కొట్టువాళ్ళ ఆడపడుచే), నాలుగు దగ్గర ఇద్దరం గెలిచినట్టు మొహాలు పెట్టేవాళ్ళం. చెప్పిన ధరకి కొనేవాడు అమాయకుడు, అసలు ధర చెప్పేవాడు వాడికంటే అమాయకుడు అని నా గట్టి నమ్మకం.

ఇంత ప్రతిభ ఉన్నవాణ్ణి మా నాన్న కొట్లోంచి ఎందుకు పంపేశాడంటే, నా బేరం వినడానికి జనం మూగేవాళ్ళు, విని ఆనందించి పక్క కొట్లో కొనుక్కుని వెళ్ళిపోయేవాళ్ళు. "ఒరే, నువ్వు సామాను అమ్మతన్నావా, హరికథ సెప్తన్నావా? ఇంకెక్కడైనా సెప్పుకో పో" అన్నాడు. ఆ ఇంకెక్కడో కూడా ఆయనే చూపించాడు. మైదానం నుంచి వచ్చి కొండమీద ఎంతోకాలంగా పనిచేస్తున్న ఒక పెద్ద సేవాసంస్థకి ఇక్కడి మాట, ఇక్కడి దారులు తెలిసిన కుర్రవాడు కావలసి వచ్చాడు. దాని పెద్ద ఒక రిటైరైన హెడ్మాస్టరుగారు. అందరూ పెద్దసారు అనేవారు. ఖద్దరు చొక్కా, మెడలో కెమెరా, ఎదుట ఒక్క మనిషి ఉన్నా సభలో ఉన్నట్టే మాట్లాడే కంఠం. మనసు మాత్రం వెన్న. ఈ సంగతి ఆ కంఠం దాటుకుని వెళ్ళినవాళ్ళకే తెలిసేది.

నాకు అప్పగించిన మొదటి పని ఒక కొండమీది ఊరి ఆడవాళ్ళ గుంపు. జీపు వాగు దాకా వెళ్తుంది, అక్కణ్ణించి నడక. ఆ ఊళ్ళో ఇంటింటికీ కాసిన్ని కాఫీ మొక్కలు. ఎవరి మొక్కల మీద పళ్ళు ముందు ఎర్రబడితే అందరూ కలిసి వాళ్ళ పళ్ళు కోసేవారు, తర్వాత ఇంకొకరివి. ఒకామెకి జ్వరం వస్తే ఆమె వంతు మిగతావాళ్ళు పంచుకునేవారు. ఇది ఎప్పుడు మొదలైందో వాళ్ళకే తెలీదు. పేరు లేదు, బోర్డు లేదు, పెద్ద లేదు. పెద్దక్క అని అందరూ పిలిచే ఒకామె ఉంది గానీ, ఆమె కూడా వయసుకి పెద్ద, అంతే.

ఇదంతా నేను వచ్చి చెప్తే పెద్దసారు కళ్ళు మూసుకుని విని, "ఇది సంఘం కాదోయ్. సంఘానికి ముడిసరుకు" అన్నారు. ఆయన లెక్కలో సంఘమంటే దానికో పేరుండాలి, ఒక అధ్యక్షురాలుండాలి, శుక్రవారం శుక్రవారం సమావేశం జరగాలి. అప్పుడు దానికి బలం వస్తుంది, బలం వచ్చాక సంస్థ వాళ్ళకి ఒక మిషను ఇస్తుంది. కాఫీ పళ్ళ పైతోలు వొలిచే చేతి మిషను అది. అప్పటికే వచ్చి మా ఆఫీసు వరండాలో టార్పాలిన్ కింద కూర్చుని ఉంది. అదుంటే కోసిన రోజే తోలు తీసి, కడిగి, ఎండబెట్టిన మంచి గింజ తయారవుతుంది. లేకపోతే పళ్ళని అలాగే బండమీద ఎండేసి, షావుకారు ఎంతంటే అంతకి ఇచ్చుకోవాలి. పళ్ళేమో అప్పటికే ఎర్రబడుతున్నాయి. మిషను ఇప్పుడు ఎక్కితే ఎక్కినట్టు, లేదా ఆ ఏటి పంట బండమీదికే.

ఇక్కడ చిక్కు శుక్రవారం. అది అరకు సంత. పెద్దసారు జీపు ఆ రోజు ఎలాగూ కూరగాయలకి వస్తుంది కాబట్టి సమావేశానికి అదే అనువైన రోజని సంస్థ తీర్మానించింది. సంతకి వెళ్ళవలసినవాళ్ళు సమావేశంలో ఉంటే ఆ కూరగాయలు ఎవరు తెస్తారన్నది తీర్మానంలో లేదు.

నాకు ఇదంతా బేరం సమస్యగా కనిపించింది (అప్పట్లో నాకు జలుబు కూడా బేరం సమస్యగానే కనిపించేది). పెద్దసారు వచ్చే ముందురోజు ఆడవాళ్ళని కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను.

"పెద్దక్కా, రేపు సారుని రెండు మిషన్లు అడగండి."

"ఒకటి సాలు కద బాబూ. రెండోది ఏటి సేసుకుంటాం?"

"రెండడిగితే ఒకటి ఇస్తారు."

"ఒకటడిగితే?"

"సగం ఇస్తారు."

"సగం మిసనుతో ఏటవుద్ది?" అంది పెద్దక్క, నిజంగానే ఆలోచిస్తూ. మిగతావాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. వాళ్ళలో పొట్టిగా, చలాకీగా ఉండే ఒక పిల్ల మాత్రం లేచి, "నానడుగుతాను! రొండు మిసన్లు కావాల! సరిపోనాదా?" అంది. సరిపోయింది. నా మొదటి శిష్యురాలు దొరికిందని పొంగిపోయాను.

నిజానికి ఆ కొండ ఆడవాళ్ళ అమ్మకం పద్ధతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. సంతలో అల్లమో చింతపండో ముందు పెట్టుకుని ధర ఒక్కసారే చెప్తారు. మనం మరీ గీచి గీచి అడిగితే వాదించరు, తిట్టరు. బుట్ట మీద తువ్వాలు కప్పేసి, కొండవైపు చూస్తూ కూర్చుంటారు. ఇక ఆ మనిషికి మనం లేనట్టే లెక్క. ఇది వ్యాపారం తెలియని జబ్బని, దీన్ని నయం చెయ్యడానికే నేను పుట్టానని అనుకునేవాణ్ణి.

మర్నాడు పెద్దసారు వాగు దాటి, ఆయాసపడుతూ, కెమెరా తడవకుండా తలమీద పెట్టుకుని వచ్చారు. ఆడవాళ్ళందరూ బుట్టలతో వచ్చి కూర్చున్నారు. పెద్దక్క బుట్టనిండా అప్పుడే కోసిన ఎర్రటి పళ్ళు. అవి చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. "ఆహా! పగడాలోయ్! ఈ ఫోటో పట్నంలో మన దాతలకి పంపాలి. రీల్లో ఇంకొక్కటే మిగిలింది. సభ అయ్యాక తీస్తాను" అన్నారు. తర్వాత సంఘటిత శక్తి గురించి కొండ అవతలికి కూడా వినపడేలా మాట్లాడి, చివర అడిగారు.

"మీకు అధ్యక్షురాలు ఎవరమ్మా?"

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అంటే ఏటి బాబూ?" అంది పెద్దక్క.

"అంటే, అందరికంటే ముందుండే మనిషి."

"కొండెక్కినప్పుడు ఈ పొట్టిది ముందుంటాది. దిగినప్పుడు ఎనకుండిపోతాది. మరి దాన్నేటనాల?"

పెద్దసారు నోరు తెరిచేలోపే, తన పేరు వచ్చిందని కాబోలు, పొట్టి పిల్ల చటుక్కున లేచి నిలబడింది. "రొండు మిసన్లు కావాల!" అని అప్పజెప్పి, బాగా చెప్పానా అన్నట్టు నావైపు చూసింది. ఆమెతో పాటు అందరూ చూశారు. చివరికి పెద్దసారు కూడా మెల్లగా తల తిప్పారు.

"ఏమోయ్, మొన్న మీ కొట్లో గొడుగు కొన్నప్పుడు మీ నాన్నగారు ఇలాగే మొదలుపెట్టారు."

నేను నా చెప్పులు చూసుకున్నాను. ఆయన కంఠం ఒక మెట్టు పెరిగింది. "అమ్మా, ఇది పద్ధతి కాదు. మీ సంఘానికి ఇంకా పరిపక్వత రాలేదు. ముందు ప్రతి శుక్రవారం సమావేశాలు జరగనివ్వండి. మిషను సంగతి వచ్చే ఏడు చూద్దాం."

వచ్చే ఏడు! అంటే ఈ ఏటి పళ్ళు బండమీదికి. పెద్దక్క భుజం మీది తువ్వాలు తీసింది, పళ్ళబుట్ట మీద కప్పింది, కొండవైపు తిరిగి కూర్చుంది. ఆమెని చూసి పక్కామె, ఆ పక్కామె, అందరూ కప్పేశారు. పొట్టి పిల్ల బుట్టలో ఏమీ లేదు, అయినా కప్పింది.

"సరే, ఒక్క ఫోటో తీసుకుని వెళ్తాను. తువ్వాలు తియ్యమ్మా" అన్నారు పెద్దసారు. ఎవరూ కదల్లేదు. వినపడలేదేమోనని మళ్ళీ అన్నారు (ఆయన మాట వినపడకపోవడమన్నది ఆ మండలంలో అంతవరకు జరగలేదు). శిఖరం మీంచి మంచు దిగడం మొదలైంది. ఆయన మంచుని చూశారు, కెమెరాని చూశారు, తువ్వాలుని చూశారు. నేను సర్దిచెబుదామని నోరు తెరిస్తే, పెద్దక్క తల తిప్పకుండానే, "నువ్వు కూకో బాబూ" అంది.

ఇక మొదలైంది. జీవితమంతా క్లాసులో చప్పుడుని అణచిన మనిషికి చప్పుడు లేకపోవడాన్ని ఎలా అణచాలో తెలీలేదు.

"అవునులే, శుక్రవారం సంత కదా. గురువారం పెట్టుకుందాం." నిశ్శబ్దం. "వారం వారం కష్టమే. పదిహేను రోజులకి." నిశ్శబ్దం. "నెలకొకసారి అయినా..." ఎక్కడో కోడి కూసింది, అది కూడా ఆపేసింది. "పోనీ, మీరు పళ్ళు కోస్తున్నప్పుడు నేనే వచ్చి ఆ చెట్ల కింద కూర్చుంటాను, అదే సమావేశం. అధ్యక్షురాలంటారా, ఎవరి పళ్ళు కోస్తుంటే ఆ రోజుకి ఆమే."

ఆ మాట తన నోట్లోంచే వచ్చినందుకు ఆయన కాస్త ఆశ్చర్యపోయి ఆగారు. "అవును, అదే బాగుంటుంది. మిషను ఈ వారమే పంపిస్తాను" అన్నారు, ఈసారి మామూలు మనిషి కంఠంతో.

మా ఇంట్లో మూడు తరాలుగా ఇలాంటి బేరం జరగలేదు. ఒక పక్షం నోరే తెరవలేదు, రెండో పక్షం తనతో తనే బేరమాడి ఓడిపోయింది.

పెద్దక్క తువ్వాలు తీసింది. "మిసను ఒకటే సాలు బాబూ. పిల్లగుంట తెలీక సెప్పింది" అంది. (నా పేరు చెప్పలేదు. ఆ ఉపకారం ఇప్పటికీ మరిచిపోలేదు.) "ఇంకోటి కావాల."

"ఏమిటమ్మా?"

"గింజలట్టుకుని కొనేటోల్ల గోడౌను గేటుకాడికి ఎల్తే మమ్మల్ని లోనకి రానీరు. మీ జీపు ఒక్కపాలి మా ముందర నిలబడితే సాలు. ఆ తరవాత మా మొకాలు ఆల్లే గుర్తెట్టుకుంటారు."

"అందుకేనమ్మా మీ సంఘానికో పేరు పెట్టుకోమంటున్నాను."

"మీకో పేరుంది కద బాబూ. ఇద్దరికీ అది సాలదేటి?"

పెద్దసారు కెమెరా మూత ఒకసారి పెట్టి, మళ్ళీ తీశారు. తర్వాత, "జీపులో నేనే వస్తాను" అన్నారు. అప్పటికి మంచు పూర్తిగా దిగిపోయింది. ఫోటో తీశారు గానీ, కడిగించి చూస్తే తెల్లటి తెలుపు మధ్యలో ఎర్రగా ఏదో ఉంది. ఆయన దాన్నే దాతలకి పంపారు. ఎందుకో వాళ్ళకి తెగ నచ్చిందట.

తిరుగుదారిలో జీపు ఎక్కాక ఆయన నెమ్మదిగా అడిగారు. "ఇంతకీ ఆవిడ నాతో ఏమంది?"

"ఏమీ అనలేదు సార్."

"మరి నేను ఇన్నెందుకు ఒప్పుకున్నాను?"

మిషను ఆ వారమే కొండెక్కింది. దాన్ని బిగించడానికి సంస్థే మెకానిక్కుని పంపింది. పెద్దసారు అన్నమాట ప్రకారం వాళ్ళని జీపులో తీసుకెళ్ళి గేటు ముందు నిలబడి, గేటువాడికి కూడా సంఘటిత శక్తి గురించి చెప్పారు. ఆయన్ని ఇంకోసారి వినవలసి వస్తుందేమోనన్న భయంతోనో ఏమో, తర్వాత నుంచి వాడు ఆడవాళ్ళని చూడగానే గేటు తీసేవాడు. మళ్ళీ జీపు అవసరం రాలేదు. ఆపైన పెద్దసారు ప్రతి సభలోనూ, "తిరిగే అధ్యక్షురాలు అన్నది నా చిరకాల సిద్ధాంతం" అని చెప్పేవారు. నేను వెనక వరసలో కూర్చుని భక్తిగా తలూపేవాణ్ణి. ఉద్యోగం కదా.

ఏళ్ళు గడిచాయి. పెద్దసారూ లేరు, మా నాన్నా లేడు. నాన్న కొట్టే చూసుకుంటున్నాను. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చిన రోజుల్లో ఒక శుక్రవారం మా కొట్టు ముందు ఆటో ఆగింది. దానిమీద తాళ్ళతో కట్టిన కొత్త మిషను, పక్కన నెరిసిన జుట్టుతో పెద్దక్క, ఒళ్ళో బుట్ట.

"బాబూ, నువ్వడిగిన రొండో మిసను. ఇదిగో."

"నేనడిగానా?"

"మర్సిపోనావేటి? అప్పుడు మాకు అక్కర్నేదు. ఇప్పుడు కోడళ్ళొచ్చినారు, మొక్కలెక్కువైనాయి. ఒకటి సాలట్లేదు."

నేను బుట్టలోకి చూశాను. వేయించి దంచిన కాఫీ పొడి పొట్లాలు. ధర అడిగితే చెప్పింది. పుట్టిన బుద్ధి ఊరుకోదు కదా, సగానికి అడిగాను. పెద్దక్క తువ్వాలు తీసి బుట్ట మీద కప్పి, కొండవైపు తిరిగింది.

"సరే పెద్దక్కా, ముప్పావు" అన్నాను. కొట్లో ఉన్నవాళ్ళందరూ మమ్మల్నే చూస్తున్నారు. "సరే, నువ్వు చెప్పిందే." ఆమె ఇంకా కొండవైపే చూస్తోంది. "ఒక పొట్లం కాదు, రెండివ్వు" అన్నాను. నాకు కావలసింది నిజంగా ఒకటే.

అప్పుడు తిరిగి నవ్వింది. ఆ సాయంత్రం కొట్టు కట్టేశాక ఒక్కణ్ణే కూర్చుని ఆ కాఫీ తాగుతూ లెక్క చూసుకున్నాను. ఆ రోజుల్లో నాకున్న లోకజ్ఞానంలో సగమే మిగిలింది. రెండో పొట్లం మాత్రం ఇంకా విప్పలేదు.