బాలింత

రేపల్లె నుంచి తెనాలి వెళ్లే రైల్లో, నగరం అనే ఊరి దగ్గర చేపల చెరువు ఉన్న ఒక రైతు, ఆయన భార్య నా ఎదుట కూర్చున్నారు. మాది కరీంనగర్ అని చెప్పి, చెరువు మీద అడవి జంతువులేమైనా పడతాయా అని అడిగాను.

"బావురుపిల్లి వచ్చేదండి. చేపల్ని ఎత్తుకుపోతందని ఉచ్చు పెట్టాను. తెల్లారి చూస్తే అందులో చచ్చిపడుంది," అన్నాడాయన.

"అది బాలింత, బాబూ," అందామె. "చన్నుల నిండా పాలే. గట్టు పక్కన తుప్పల్లో పిల్లలు అరుస్తన్నాయి. దూదితో పాలు పట్టాను. ఒక్కటీ బతకలేదు."

పిల్లిని బాలింత అనడం నేనెక్కడా వినలేదు. మా వైపు ఆ మాట ఆడవాళ్లకే వాడతాం.

"ఇప్పటికీ ఉచ్చులు పెడుతున్నారా?" అని ఆయన్ని అడిగాను.



"ఆ రోజే తీసేశారు, బాబూ," అందామె. "అయినా ఒక్క చేపా పోవట్లేదు. మా చెరువుకి వచ్చేది అదొక్కటే."